తాళం వేసిన బీరువాకి పదికి పది

బడి లైబ్రరీల నాణ్యతను తూచి, బాగున్నవాటికి షీల్డ్ ఇచ్చే కమిటీలో నన్ను వేశారు. నేను పుస్తకం ముట్టి చాలా ఏళ్లయింది కాబట్టి వాటి మీద నాకు రాగద్వేషాలు ఉండవని వాళ్ల ధీమా. ఇప్పటికి చాలా బళ్లు తిరిగాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, బడి లైబ్రరీ నాణ్యతకు అసలు శత్రువు చెదపురుగు కాదు, పిల్లలు.

నమ్మకపోతే ఈ ఏడాది మొదటి స్థానంలో నిలిచిన లైబ్రరీ సంగతి వినండి. మేం వెళ్లేసరికి గదికి తాళం. తాళంచెవి హెడ్మాస్టరు గారి సొరుగులో, సొరుగు తాళంచెవి గుమాస్తా దగ్గర, గుమాస్తా సెలవులో. భద్రత అంటే ఇదీ అని అక్కడే పది మార్కులు రాసేసుకున్నాను. మధ్యాహ్నానికి తలుపు తెరుచుకుంది. గుప్పున కలరా ఉండల వాసన. అద్దాల బీరువాల్లో పుస్తకాలు ఎత్తుల వారీగా నిలబడి ఉన్నాయి. ఒకటి తీసి తెరిస్తే అట్ట టక్కుమంది. పేజీలు ఇంకా ఒకదాన్నొకటి వదలడం లేదు. చివరి అట్ట లోపల అతికించిన తేదీల చీటీ మల్లెపువ్వులా ఉంది, ఒక్క ముద్ర లేదు. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఎక్కించే అక్సెషన్ రిజిస్టర్‌లో ఉన్న పుస్తకాలు ఉన్నట్టే ఉన్నాయి. ఒక్కటి పోలేదు, ఒక్కటి చిరగలేదు.

కమిటీలో ఓ కొత్త సభ్యుడు అట్లాసు తిరగేసి, ‘ఇందులో ఇంకా సోవియట్ యూనియన్ ఉందండీ’ అని నసిగాడు. అది 1991లోనే విడిపోయిందట. ఖగోళం పుస్తకంలో ప్లూటో ఇంకా తొమ్మిదో గ్రహమేనట, 2006లో దాన్ని ఆ జాబితాలోంచి తీసేశారట. ఇలాంటి పుస్తకాలు పిల్లల్ని తప్పుదోవ పట్టిస్తాయని, ఏరి పారేయడం కూడా లైబ్రరీ పనేనని ఆయన వాదన. మన ఫారంలో పుస్తకాల సంఖ్యకు గడి ఉంది గాని గ్రహాల సంఖ్యకు లేదు కదా అని సర్దిచెప్పాను. ఏరి పారేస్తే సంఖ్య తగ్గుతుంది, సంఖ్య తగ్గితే మార్కులు తగ్గుతాయి. అయినా తాళం తీయని గదిలో తప్పుదోవ పట్టేదెవరు?

రెండో లైబ్రరీ సంగతి చెప్పాలంటే చెయ్యి వణుకుతోంది. తలుపు బార్లా తెరిచి ఉంది. లైబ్రేరియన్ గారు సీట్లో లేరు. ఏడో తరగతిలో సైన్సు మేడమ్‌తో కలిసి, నాలుగు పుస్తకాల్లో నాలుగు రకాలుగా ఉన్న విషయంలో దేన్ని నమ్మాలో పిల్లలకు చూపిస్తున్నారట. గైర్హాజరు, సున్నా. గదిలో ఒకటే గోల. గోల అంటే అల్లరి కూడా కాదు, ఒక పుస్తకం మీద నలుగురు పడి కొట్లాట.

అగ్నిపర్వతాల పుస్తకం ఒకటి చేతిలోకి తీసుకున్నాను. బల్ల మీద పెట్టగానే దానంతటదే నలభయ్యో పేజీ దగ్గర తెరుచుకుంది. మూశాను. మళ్లీ అక్కడే తెరుచుకుంది. ఆ పేజీలో కొండ బద్దలై లావా కారుతున్న బొమ్మ. కింది మూల వేళ్ల మరకలతో నల్లబడి మెత్తని గుడ్డలా తయారైంది. వీపు కుట్టు ఊడితే ఎవరో టేపు వేశారు, టేపు మీద మళ్లీ టేపు. వెనక తేదీల చీటీ నిండిపోయి దానిమీద ఇంకోటి, దానిమీద ఇంకోటి అతికించి అట్టలా లేచింది. ‘తీవ్ర దుర్వినియోగం’ అని రాసుకుంటుంటే, పక్కన ఒక పిల్ల వచ్చి నిలబడింది. కళ్లు నామీద లేవు, పుస్తకం మీద ఉన్నాయి.

‘సార్, అది మీకు ఇష్యూ చేశారా? ఈ వారం నా వంతు.’

క్రమశిక్షణలో నాలుగు మార్కులు కోశాను.

నేను ఊరికే కోయలేదు, శాస్త్రం కూడా చూశాను. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయాలకు అయిదు సూత్రాలు రాసిపెట్టారు. పుస్తకాలు ఉన్నది వాడటానికట. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలట. పాఠకుడి సమయం ఆదా చేయాలట, లైబ్రరీ పెరిగే ప్రాణి అట. ఆయన లైబ్రరీకి రాకముందు లెక్కల మాస్టారు. అంత లెక్కలు తెలిసిన మనిషి ఒక్క సూత్రాన్నీ మార్కుల్లో వేసే దారి చూపించలేదు! ఆ పిల్లకు తన పుస్తకం దొరికిందన్నది ఏ గడిలో రాయమంటారు? ఆయన కంటే యూరప్‌లో పూర్వులు నయం, పుస్తకాలకు గొలుసులు వేసి అరలకు కట్టేశారు. స్టాక్ వెరిఫికేషన్ ఎంత హాయిగా జరిగి ఉంటుందో.

అంతర్జాతీయ గ్రంథాలయ సమాఖ్య ఇఫ్లా 2015లో బడి లైబ్రరీల మార్గదర్శకాలను కొత్తగా కూర్చింది. అందులో మూల్యాంకనాన్నీ ప్రజాసంబంధాలనూ ఒకే అధ్యాయంలో పెట్టారు. టైము చాలక మేం రెండోదే అమలు చేస్తున్నాం. ఫొటోలు తీస్తాం.

అలాగని వాడకాన్ని మేం బొత్తిగా పట్టించుకోమని కాదు. ఒక బడిలో తలుపు దగ్గర వచ్చిపోయేవాళ్లను లెక్కపెట్టే మిషన్ పెట్టారు. ఆ అంకె చూసి కళ్లు తిరిగాయి, బళ్లో ఉన్న పిల్లలకంటే రోజువారీ పాఠకులే నాలుగింతలు! తర్వాత తెలిసింది, మంచినీళ్ల కుళాయికి ఆ గదిలోంచే అడ్డదారి. పోనీ, దాహమే కదా. ‘జ్ఞానదాహం’ అనే గడిలో వేసుకున్నాం.

షీల్డ్ సంగతి ముందే చెప్పాను, మొదటి బడికే ఇచ్చాం. సభ ఘనంగా జరిగింది. రెండో బడికి మెరుగుపరుచుకోవాల్సిన అంశాలు పదిహేడు రాసి పంపాం. అందులో మొదటిది అగ్నిపర్వతాల పుస్తకం స్థానంలో కొత్త కాపీ తెచ్చి బీరువాలో భద్రపరచడం.

అంతా సవ్యంగా ముగిసిందనుకుంటే నిన్న ఒక ఫిర్యాదు వచ్చింది. మేమిచ్చిన షీల్డ్ కాస్త పెద్దది. బీరువాలో పట్టక, దానికి చోటు చేయడానికి ఒక అరలోని పుస్తకాలు తీసి వరండాలో బెంచీ మీద పెట్టారట. సాయంత్రం బడి గంట కొట్టినా తొమ్మిది మంది పిల్లలు ఇంటికి పోలేదట. పుస్తకాలు లోపల పెట్టబోతే మూడు తక్కువ వచ్చాయి. ఎవరు పట్టుకుపోయారో తెలియదు. మర్నాడు పొద్దున ఆ మూడూ బెంచీ మీద ఉన్నాయి, ఒకదాంట్లో పేజీ మూల మడిచి ఉంది.

షీల్డ్ వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నది వచ్చే సమావేశంలో తేలుస్తాం.