పాపికొండల్లో పాత నోటు

నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సంక్రాంతి సంబరాల్లో జరిగిందిది. కోపం ఇంకా దిగలేదు. కాబట్టి నిష్పక్షపాతంగా చెబుతానని మాత్రం అనుకోకండి.

పాత బట్టలతో పాపికొండలు చేశాను. ప్లైవుడ్ మీద బట్టలు అతికించి, పైన అక్రిలిక్ రంగులు వేశాను. దగ్గరి కొండలు ఆకుపచ్చ మంగళగిరి చీర, దూరపు కొండలు వెలిసిపోయిన నీలం లుంగీ, ఇసుకతిన్నెలు పెడన కలంకారీ దుప్పటి. గోదావరికి మావయ్యగారి పొందూరు ఖద్దరు పంచె. ఆ ఖద్దరుకు దూదిని వాలుగ చేప దవడతో ఏకుతారు. చేప పళ్లు దువ్విన నూలు మళ్లీ నదిలోకే చేరిందని లోలోపల మురిసిపోయాను. ఈ సంగతి చెప్పినా అక్కడ ఎవరూ వినిపించుకోలేదు కాబట్టి ఇక్కడ చెప్పుకుంటున్నాను.

గంజి వాసనకు బొద్దింకలు చేరతాయని అన్నిటినీ నానబెట్టి ఉతికాను. మైదా జిగురులో మైలుతుత్తం కలిపాను. ఇక మిగిలింది లాంచీ. దానికి మా ఆయన పాత ప్యాంటు వెనక జేబు సరిగ్గా కుదిరింది. జేబేమో లాంచీ అడుగు, పైన మూత రేకు కప్పు, గుండీ సరంగు గది కిటికీ.

సెక్రటరీగారి ఫారంలో మూడే గడులు: డ్రాయింగ్, కుట్లు అల్లికలు, వ్యర్థాలతో వస్తువులు. "రంగులు వేశాను కదండీ, పెయింటింగే" అన్నాను. "బట్ట ఉంది కదమ్మా" అన్నారు. "కుట్టలేదండీ, అతికించాను" అన్నాను. "అయితే వ్యర్థాలే" అని టిక్కు పెట్టేశారు. అలా నా గోదావరి, కొబ్బరిచిప్పల కోతికీ సీసా దీపానికీ మధ్యకు చేరింది. పోనీ "ముట్టుకోరాదు" అని ఒక చీటీ అయినా పెట్టమంటే, ముఖ్య అతిథి పెద్దవారు, ఆయన్ని అవమానించినట్టు ఉంటుందన్నారు.

ఆ ముఖ్య అతిథి రిటైరైన బ్యాంకు మేనేజరు. కోతిని మెచ్చుకుని నా బొమ్మ దగ్గరికొచ్చారు. ఎడమ చేతిలో మైకు. ఈ మైకు సంగతి గుర్తుంచుకోండి. కళ్లజోడు పైకి తోసి, ముందుకు వంగి, "ఓహో, జేబే! గుండీ కూడా ఉందే!" అన్నారు. నేను "అది లాంచీ సార్" అనేలోపే రెండు వేళ్లతో గుండీ విప్పేశారు. నిజం చెప్పాలంటే ఎంత నాజూకుగా విప్పారో! జీవితమంతా కట్టలు విప్పిన వేళ్లు మరి. ఆ రెండు వేళ్లూ లాంచీలోకి దిగాయి. లోపల కాసేపు వెతికాయి. పైకొచ్చేసరికి వాటి మధ్య నాలుగు మడతల కాగితం ఒకటుంది.

ఆయన కంగారు పడలేదు. మడతలు విప్పారు. ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి నీటిగుర్తు చూశారు. తీగ ఉందో లేదో గోటితో తడిమారు. తిప్పి వెనక దండియాత్ర చూశారు. అప్పుడు మైకులో, కౌంటర్లో కస్టమరుకు చెప్పినట్టు, "అయిదువందలు. పాతది. చెల్లదు" అన్నారు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. నోట్ల రద్దు ప్రకటించిన 2016 నవంబరు 8 రాత్రి తాను ఎక్కడున్నారో, డిసెంబరు 30 గడువులోగా తమ బ్రాంచి ముందు ఎంత క్యూ ఉండేదో, ఎన్ని పూటలు భోజనం మానేశారో అన్నీ చెప్పారు. చల్లారిపోయిన పులిహోర గురించి కూడా చెప్పారు. ఆ తర్వాత చట్టంలోకి దిగారు: 2017 చట్టం ప్రకారం మామూలు మనిషి దగ్గర పాత నోట్లు 10 వరకు ఉండొచ్చట. దాటితే 10,000 రూపాయలు గానీ, ఆ నోట్ల విలువకు 5 రెట్లు గానీ, ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా వేయొచ్చట. చెప్పి, నా వైపు తిరిగి, మైకులోనే, "ఇంకా ఉన్నాయామ్మా?" అని అడిగారు.

వరసలన్నీ మా ఆయన్ని చూశాయి. ఆయన షామియానా గుడ్డ నాణ్యత పరిశీలిస్తున్నారు. ముందు వరసలోంచి అత్తయ్యగారు, "జేబులో పైసా లేదని ఆ నెల పాలవాడికి బాకీ పెట్టించావు కదరా!" అన్నారు. ఆవిడకు మైకు అక్కర్లేదు.

తర్వాత జనం నా కొండల్ని తడమడం మొదలుపెట్టారు. అదంతా చెప్పే ఓపిక లేదు. కుడివైపు ఇసుకతిన్నె ఇప్పుడు లేదు, అంతే. అప్పుడు గుర్తొచ్చింది సెక్రటరీగారికి! "ముట్టుకోరాదు" అని రాసి, పార్సిళ్లకు వేసే బ్రౌన్ టేపుతో సరాసరి ఆకాశం మీద అంటించారు. అక్షరదోషం కనబడి మళ్లీ పీకారు. సూర్యాస్తమయం టేపుతో పాటు వెళ్లిపోయింది.

మొదటి బహుమతి కోతికి వచ్చింది. నాకు ప్రోత్సాహక బహుమతిగా స్టీలు డబ్బా ఇచ్చారు. పాత బట్టలు వేస్తే వీధిలో సామాన్లవాడు ఇచ్చేదీ ఇదే సైజు, కాకపోతే వాడి డబ్బాకు మూత గట్టిగా పడుతుంది.

లిఫ్టులో మా ఆయన చాలాసేపు గొంతు సవరించుకున్నారు. నోటు గురించి సంజాయిషీ ఇస్తారేమోనని చూశాను.

"ఆ ప్యాంటుకు వెనక రెండు జేబులుండాలి. రెండోది ఏ కొండ కింద అతికించావు?" అన్నారు.