కాస్టిక్ పడితే నిమ్మకాయ రుద్దమన్న మహానుభావుడికి

"ఇంట్లో చేసిన బీరు సబ్బు, వైన్ సబ్బు పాడైందా? పారేయకండి! ఈ ఏడు చిట్కాలతో సరిచేసుకోండి" అనే మెసేజ్ మళ్లీ వచ్చింది. (సబ్బు చేయాలంటే నూనెలో కాస్టిక్ సోడా, అంటే చర్మాన్ని కాల్చే ఘాటు క్షారం, కరిగించిన నీళ్లు కలపాలి. ఆ నీళ్లకు బదులు బీరో వైనో వాడితే అది బీరు సబ్బు, వైన్ సబ్బు.) ఈసారి మా పిన్ని కూతురు పంపి, "అక్కా, ఇలా చేయొచ్చా?" అని అడిగింది. అంతకుముందు సబ్బులు చేసేవాళ్ల గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, సబ్బుతో ఏ సంబంధమూ లేని టెన్త్ బ్యాచ్ గ్రూపులో కూడా వచ్చింది. చివర్లో "పదిమందికీ పంపండి, పుణ్యం" అని ఒక ముక్క. సరే, పదిమందికీ నేను పంపేది ఇది.

ఇదంతా రాస్తున్నది ఐదో చిట్కా కోసమే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. "కాస్టిక్ నీళ్లు చేతిమీద పడితే కంగారుపడకండి. వెంటనే నిమ్మరసం గానీ వెనిగర్ గానీ బాగా రుద్దండి. నీళ్లు పోస్తే మంట పెరుగుతుంది" అట.

ఆమ్లం క్షారాన్ని విరుస్తుందని తొమ్మిదో తరగతి పిల్లాడికీ తెలుసు. విరిచేటప్పుడు వేడి పుడుతుందన్నది కూడా అదే పాఠంలో ఉంటుంది, అది మాత్రం ఈయన చదివినట్టు లేదు. గాజు బీకరులో ఆ వేడికి ఏమీ కాదు, కాలుతున్న చర్మం మీద అవుతుంది. పైగా నిమ్మకాయ వెతకాలి, కత్తి వెతకాలి, జారిపోయే చేత్తో కోయాలి. ఈలోగా కాస్టిక్ ఊరుకోదు. అది పడినచోట చర్మం జారుడుగా తగులుతుంది కదా, అక్కడ మీ చర్మంలోని కొవ్వే సబ్బుగా మారుతోంది. నొప్పి మొదట్లో పెద్దగా తెలియకపోవచ్చు, అందుకే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. దానిమీద మళ్లీ "బాగా రుద్దండి" అని సలహా!

చేయాల్సింది ఒక్కటే. కుళాయి తిప్పి, చెయ్యి ధార కింద పెట్టి కనీసం ఇరవై నిమిషాలు ఉంచాలి. గాజులు, ఉంగరం, వాచీ తీసేయాలి, తడిసిన చొక్కా విప్పేయాలి. పొడి కాస్టిక్ రేకులు పడితే ముందు పొడిగుడ్డతో దులిపి, ఆ తర్వాత నీళ్లు. నీళ్లతో మంట పెరుగుతుందన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థమైంది: కాస్టిక్ మీద కాసిన్ని నీళ్లు చిలకరిస్తే వేడెక్కుతుంది, నిజమే. అందుకే చిలకరించమనడం లేదు, ధారగా పోయమంటున్నాం. కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టుకుని ఆపకుండా కడుగుతూనే ఉండాలి, ఎవరో ఒకరు ఆస్పత్రికి బండి సిద్ధం చేయాలి. కంట్లో కూడా నిమ్మరసం పిండేవాళ్లు ఉంటారేమోనని నాకు నిజంగానే భయం. ఏడు చిట్కాల్లో గాగుల్స్ మాట లేదు, గ్లవ్స్ మాట లేదు. పుణ్యం మాట మాత్రం ఉంది.

ఇంకొకటి. మన అపార్ట్‌మెంట్లలో నీళ్లు ఎప్పుడు ఆగుతాయో మోటారుకే తెలియదు. పెద్ద బకెట్ నిండుగా పెట్టుకోకుండా కాస్టిక్ డబ్బా మూత తియ్యొద్దు. వెనిగర్‌కు కూడా ఒక పనుందిలెండి: గట్టుమీద ఒలికినదాన్ని నీళ్లతో రెండుసార్లు తుడిచేశాక, చివర్లో ఒక తుడుపుకి పనికొస్తుంది. గట్టుకి, ఒంటికి కాదు.

ఇక మొదటి చిట్కా. "ఫ్రిజ్‌లోంచి తీసిన బీరును గ్యాస్ పోకుండా కాస్టిక్ మీద పోయండి, అప్పుడే సబ్బుకు నురగ వస్తుంది." సబ్బు నురగకీ బీరు నురగకీ చుట్టరికం లేదు. కాస్టిక్ కరుగుతూ ఎంత వేడెక్కుతుందంటే, 78 డిగ్రీలకే మరిగే ఆల్కహాల్ అక్కడికక్కడే ఆవిరౌతుంది. బీరులోని గ్యాస్ కూడా అదే క్షణంలో తన్నుకొస్తుంది. దాంతో గిన్నెలో ఉండాల్సిన కాస్టిక్ గట్టుమీదా, స్టౌమీదా, మీ పాదాల మీదా ఉంటుంది. పైగా పోసేది కూడా తలకిందులే: ద్రవంలోకి కాస్టిక్ కొంచెంకొంచెంగా వేయాలి గానీ, కాస్టిక్ మీద ద్రవం గుమ్మరించకూడదు.

బీరు సబ్బుకు నురగ ఎక్కువన్న మాట మాత్రం అబద్ధం కాదు. ఆ గొప్ప గ్యాస్‌ది కాదు, మాల్టులో మిగిలిన చక్కెరలది. ఆ చక్కెరల వల్లే సబ్బు అచ్చులో కూడా అతిగా వేడెక్కి మధ్యలో పగుళ్లిస్తుంది, ఒక్కోసారి ఉబ్బి పైకి పొంగుతుంది. అందుకే బీరు సబ్బుని దుప్పటి కప్పి పడుకోబెట్టకూడదు. బీరైనా వైనైనా చిన్న మంటమీద సగానికి ఇగిరేదాకా మరిగించి (కిటికీ తెరిచి, మంటకి కాస్త ఎడంగా నిలబడి), తగ్గినంత బరువు నీళ్లు కలిపి, ఫ్రీజర్‌లో పెట్టి ముక్కలుగా గడ్డకట్టాక, అప్పుడు కాస్టిక్ వేయాలి. ఒక పూట ఎక్కువ పడుతుంది, అంతే.

రెండోది: సబ్బు గోధుమరంగులోకి వస్తే నిమ్మరసం కలపండి, తెల్లబడుతుంది. (ఈయనకి నిమ్మతోట ఉందేమో.) చక్కెర ఉన్నప్పుడు రంగు ముదురుతుంది, ఎర్ర వైన్ పోస్తే ఎర్ర సబ్బు రాదు, వచ్చేది మట్టిరంగే. అది లోపం కాదు. నిమ్మరసం పోస్తే అది కాస్టిక్‌ని తినేసి సబ్బు మెత్తబడుతుంది. మూడోది: వాసన వస్తే సెంటు రెట్టింపు వేయండి. అక్కర్లేదు, ఆ తడి పులిసిన వాసన కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. ఆరోది: పైన తెల్లపొడి కనిపిస్తే మొత్తం పారేయండి. గాలి తగిలి పైన తెల్లగా తేలేది ఎక్కువసార్లు సోడా యాషే (వాషింగ్ సోడా), ఆవిరి పట్టిస్తే పోతుంది. కోసినప్పుడు లోపల తెల్లటి గడ్డలు, చుట్టూ తడి కనిపిస్తే మాత్రం ఒంటికి వాడొద్దు.

నాలుగోది ఐదోదానికి అన్న. "వైన్‌లో పులుపు కాస్టిక్‌ని తినేస్తుంది, అందుకే సబ్బు మెత్తగా వస్తుంది. ఒక చెంచా కాస్టిక్ ఎక్కువ కలపండి." లెక్క చూద్దాం. లీటరు వైన్‌లో ఆమ్లం దాదాపు 6, 7 గ్రాములు. మనం వాడే 200 గ్రాముల వైన్‌లో ఉన్న పులుపు తినేది ముప్పావు గ్రాము కాస్టిక్, అంతకు మించదు. ఇప్పుడు 500 గ్రాముల కొబ్బరినూనె తీసుకోండి. దానికి పూర్తిగా పట్టే కాస్టిక్ 91.5 గ్రాములు, సబ్బులో కాస్టిక్ మిగిలిపోకుండా 5 శాతం తగ్గించి వేస్తే 87. మీ చర్మానికీ కాస్టిక్‌కీ మధ్య ఉన్న అడ్డుగోడ ఆ నాలుగున్నర గ్రాములే. టీస్పూన్ రేకులు వేస్తే ఆ గోడ పోయినట్టే, కూర చెంచా అయితే లెక్కే అక్కర్లేదు. పైగా సగం గడ్డకట్టిన సబ్బులో అది సమంగా కలవదు, ఒకచోట ఏమీ ఉండదు, ఇంకోచోట ముద్దగా ఉంటుంది. మెత్తగా ఉంటే ఇంకో నాలుగు రోజులు అచ్చులోనే ఉంచండి, తర్వాత నెలా నెలన్నర గాలికి ఆరనివ్వండి.

గమనించారా, రెండో చిట్కా పాటిస్తే నాలుగోది అవసరం పడుతుంది, నాలుగోది పాటిస్తే ఐదోది. మెసేజ్ రాసినాయన ఆ వరసన ఆలోచించే రాశాడేమో, చెప్పలేం.

ఏడో చిట్కా మాత్రం మంచిదే. ఆల్కహాల్ మిగిలిపోయి సబ్బు కలుపుతుండగానే గడ్డకట్టి కర్రకు అతుక్కుపోతే పారేయకుండా, వేడినీళ్ల గిన్నెమీద మరో గిన్నె పెట్టి అందులో సన్నగా ఉడికించమన్నాడు. అది సరైన పద్ధతి, రూపం అంత అందంగా రాకపోయినా సబ్బు దక్కుతుంది. దానికి నేను వాదించేది ఏమీ లేదు. కానీ ఆ వాక్యం చివర్లో "పాత సత్తు గిన్నె వాడండి" అని తగిలించాడు. సత్తు అంటే అల్యూమినియం, అందులో కాస్టిక్ పడితే గిన్నె కరుగుతుంది, హైడ్రోజన్ పుడుతుంది, పక్కనే స్టౌ వెలుగుతూ ఉంటుంది. స్టీలు గిన్నె తీసుకోండి.