కంటి ముందు ఎగిరే విమానానికి రేడియో గుర్తింపు ఎందుకు?

మొన్న శనివారం పొద్దున్నే మా అమ్మాయి తన మోడల్ విమానాన్ని వంటింటి త్రాసు మీద పెట్టింది. 412 గ్రాములు. బ్యాటరీ ఊడదీసి మళ్లీ పెట్టింది. 330. "నాన్నా, బ్యాటరీ కూడా లెక్కలోకి వస్తుందా?" అంది. ఎగిరేటప్పుడు దాని మీద ఏముంటే అదంతా లెక్కేనమ్మా అన్నాను. ఆ రోజు మా ఇంటి వెనక గడ్డి మైదానంలో ఆ విమానం ఎగరలేదు.

పదమూడేళ్ల పిల్ల. డాలర్ స్టోర్లో దొరికే ఫోమ్ బోర్డు తెచ్చుకుని, ప్లాన్ ప్రింట్ తీసి, కట్టర్‌తో కోసి, గ్లూ గన్‌తో అతికించి నెల రోజులు కూర్చుని చేసుకుంది. రెండు సర్వోలు (విమానాన్ని తిప్పే పలకల్ని కదిపే బుల్లి మోటార్లు), ఒక చిన్న మోటారు, ఒక రిసీవర్. కెమెరా లేదు, జీపీఎస్ లేదు. రెక్క ఒకవైపు వంకరపోయిందని రెండుసార్లు ఊడదీసి మళ్లీ చేసింది. 250 గ్రాముల లోపు ఉండి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. నూట అరవై రెండు గ్రాములు ఎక్కువైంది కాబట్టి దానికి రిజిస్ట్రేషన్ కావాలి. రిజిస్ట్రేషన్ కావాలి కాబట్టి రిమోట్ ఐడీ కావాలి, అంటే ఎగిరినంతసేపూ తానెవరో, ఎక్కడుందో రేడియోలో చెప్పే గుర్తింపు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పెట్టిన నియమం ఇది. 2023 సెప్టెంబర్ 16 నుంచి అమలు అన్నారు. అప్పటికి మార్కెట్లో ఆ సిగ్నల్ పంపే చిన్న పరికరాలు, అంటే మాడ్యూళ్లు, సరిగ్గా దొరకడం లేదని, మోడల్స్ ఎగరేసే మైదానాల అనుమతులు పెండింగ్‌లో ఉన్నాయని 2024 మార్చి 16 దాకా చూసీచూడనట్టు వదిలారు. ఇప్పుడు మూడే దారులు. రిమోట్ ఐడీ లోపలే ఉన్న డ్రోన్ కొనుక్కోవాలి. లేదా మీ విమానానికి ఒక మాడ్యూల్ తగిలించాలి. ఈ రెండూ కాకపోతే ఎఫ్‌ఏఏ గుర్తించిన మైదానంలో మాత్రమే ఎగరేయాలి. చేత్తో చేసుకున్న విమానానికి మొదటి దారి ఎలాగూ లేదు.

నంబరు ఇవ్వడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఐదు డాలర్లు కట్టి రిజిస్టర్ చేసుకుంటే మూడేళ్లు చెల్లుతుంది, మన దగ్గరున్న మోడల్స్ అన్నిటికీ ఒకే నంబరు. ట్రస్ట్ అనే ఉచిత పరీక్ష కూడా ఇద్దరం రాశాం. నంబరు విమానం బయట కనపడేలా ఉండాలన్న నియమం 2019 నుంచే ఉంది. మా అమ్మాయి తోక మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ఇంత పెద్ద అక్షరాలతో రాసింది. ఎక్కడ పడినా ఎవరిదో తెలిసిపోతుంది. గుర్తింపు అంటే ఇది చాలదా?

చాలదంటున్నారు. మాడ్యూల్ గాల్లో ఉన్నంతసేపూ విమానం ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, ఎంత వేగంతో పోతోంది, ఎక్కడి నుంచి లేచింది అన్నీ బ్లూటూత్‌లోనో వైఫైలోనో చెప్తూనే ఉండాలి. దగ్గర్లో ఫోన్లో యాప్ ఉన్న ఎవరికైనా అది కనపడుతుంది. పేరూ అడ్రసూ బయటికి రావు, అవి ఎఫ్‌ఏఏకీ పోలీసులకే అందుతాయి, నిజమే. కానీ మోడల్ విమానం ఎక్కడి నుంచి లేచిందో అక్కడే దాన్ని ఎగరేసే మనిషి నిలబడి ఉంటాడు. నా విషయంలో అక్కడ నిలబడేది నా కూతురు. తన చోటును మ్యాప్ మీద చుక్కగా ముక్కూమొహం తెలియని వాళ్లకి చూపించడం ఒక తండ్రిగా నాకు నిజంగా టెన్షన్.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఫోమ్ బోర్డుకి, జిగురుకి కలిపి పది డాలర్లు కాలేదు. దాని మీద పెట్టాల్సిన మాడ్యూల్‌కి దానికి ఎన్నో రెట్లు పెట్టాలి. ఒకే మాడ్యూల్‌ని ఒక విమానం నుంచి ఇంకోదానికి మార్చుకోవచ్చు, ఆ సౌకర్యం ఇచ్చినందుకు సంతోషమే. కానీ ఈ హాబీకి ప్రాణం చవకగా చేసి, కూలగొట్టుకుని, మళ్లీ చేసుకోవడం. మొదటి పది ఎగురుళ్లలో ఎనిమిది నేలకే కొట్టుకుంటాయి. ఖరీదైన వస్తువు మీదుంటే పిల్లలు ప్రయోగాలు చేయడానికే భయపడతారు.

అసలు ఈ నియమం ఎవరి కోసం? 2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ కార్చిచ్చు రోజుల్లో మంటలు ఆర్పుతున్న విమానాన్ని ఒక డ్రోన్ గుద్దింది. రెక్కకి చిల్లు పడి ఆ విమానం కొన్ని రోజులు నేల మీదే ఉండిపోయింది. ఊళ్లు తగలబడుతున్నప్పుడు అలా జరగడం ఘోరం. ఆ డ్రోన్ ఎగరేసిన మనిషి దాన్ని రెండున్నర కిలోమీటర్ల దూరం పంపాడు, అది అతని కంటికి కనపడకుండా పోయింది. ప్రమాదం అక్కడుంది, కంటికి కనపడనంత దూరంలో. మా విమానానికి అంత దూరం పోవడం కుదరదు. కాస్త దూరం వెళ్తేనే రెక్క ఎటు వాలిందో తెలియదు, తెలియకపోతే కూలిపోతుంది. ఎగరేసేవాడు కింద మెడ ఎత్తి నిలబడి ఉంటాడు. వాణ్ని వెతకడానికి యాప్ ఎందుకు? నడుచుకుంటూ వచ్చి భుజం తట్టొచ్చు.

నేను డిగ్రీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్నాను. ఏరోమోడలింగ్ అప్పుడే పరిచయం. రెండు తీగలు చేత్తో పట్టుకుని విమానంతో పాటు గుండ్రంగా తిరుగుతూ ఎగరేసేవాళ్లం. రెక్క కింద గాలి ఎలా పని చేస్తుందో పుస్తకం కన్నా ముందు నా మణికట్టుకి తెలిసింది. మా అమ్మాయికీ అదే దక్కాలని నా కోరిక.

ఈ దేశంలో మోడల్ విమానాలకి చాలా చరిత్ర ఉంది. మోడల్ ఎగరేసేవాళ్ల జాతీయ సంస్థ 1936లో పుట్టింది. 2012లో చట్టసభే మోడల్ విమానాల మీద కొత్త నియమాలు పెట్టొద్దని ఎఫ్‌ఏఏకి చెప్పింది. 2018లో ఆ సెక్షన్ తీసేశారు. అప్పటి నుంచి బాల్సా కర్రతో చేసిన గ్లైడరూ, నాలుగు రోటర్ల కెమెరా డ్రోనూ ఒకే గాటన కట్టేశారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఇక గుర్తించిన మైదానాలు. ఫ్రియా అంటారు. అక్కడ మాడ్యూల్ లేకుండా ఎగరేయొచ్చు, కాకపోతే విమానమూ మనిషీ ఇద్దరూ ఆ గీతల లోపలే ఉండాలి. అనుమతి నాలుగేళ్లు, తర్వాత మళ్లీ అప్లై చేసుకోవాలి. మాకు పది నిమిషాల దూరంలో ఒక క్లబ్ మైదానం ఉండేది. లీజు భూమి. ఇళ్లు కట్టడానికి అమ్మేశారు. ఇప్పుడు దగ్గర్లో ఉన్నది యాభై నిమిషాల డ్రైవ్. అక్కడి పెద్దాయన ఒకరు, ఎనభైకి దగ్గర పడ్డారు, మా అమ్మాయి రెక్క చూసి బరువు కేంద్రం ఎక్కడుండాలో వేళ్ల మీద నిలబెట్టి చూపించారు. అలాంటి మనుషులు దొరికేది మైదానాల్లోనే, అందుకే మైదానాలు ఉండాలంటాను. కానీ కారు లేని పిల్లాడి సంగతి? అమ్మానాన్నలు శనివారం కూడా పనికి వెళ్లే పిల్ల సంగతి?

ఇండియాలో ఉన్న మిత్రులకి ఒక మాట. 2021 డ్రోన్ రూల్స్‌లో మోడల్ అన్న మాటకి విడిగా చోటుంది. సరదాకో చదువుకో కంటి ముందు ఎగరేసే, 25 కిలోలు మించని వాటికి టైప్ సర్టిఫికెట్ (ఆ డిజైన్‌ని పరీక్షించి ఇచ్చే ఆమోదం) అడగరు. అది మంచి పని. కానీ అదే రూల్స్‌లో రియల్ టైమ్ ట్రాకింగ్ బీకన్ (ఎక్కడుందో ఎప్పటికప్పుడు చెప్పే పరికరం) తప్పనిసరి చేసే అధికారం కేంద్రం చేతిలో ఉంది. నోటిఫై చేస్తే కనీసం ఆరు నెలల గడువిస్తారు. అప్పుడు లేచి అడగడం కన్నా ఇంజనీరింగ్ కాలేజీల ఏరోమోడలింగ్ క్లబ్బులు ఇప్పుడే మాట్లాడటం మేలు.

రాసినా ఉపయోగం ఉండదని అనుకోవద్దు. 2019 డిసెంబర్ 31న ఇక్కడ అమెరికాలో రిమోట్ ఐడీ మీద వచ్చిన ముసాయిదా ఇంతకన్నా చాలా దారుణం. ఎగిరేటప్పుడు ఇంటర్నెట్ కనెక్షన్ ఉండాలన్నారు. మైదానాలకి పన్నెండు నెలలే దరఖాస్తులు తీసుకుంటాం, తర్వాత కొత్తవి ఉండవన్నారు. యాభై మూడు వేలకు పైగా కామెంట్లు వచ్చాయి. తుది నియమంలో ఆ రెండూ పోయాయి. 2022లో కోర్టు నియమాన్ని సమర్థించింది కాబట్టి ఇక మిగిలిన దారి చట్టసభే. కంటి ముందు, నాలుగు వందల అడుగుల లోపు, కెమెరా లేకుండా ఎగిరే ఒక కిలో లోపు మోడల్స్‌ని వదిలేయమని మా కాంగ్రెస్ సభ్యుడికి రాశాను. మీరూ రాయండి.

ఇంకోటి, చాలామందికి తెలియదు. ఫ్రియా కోసం క్లబ్బులే కాదు, స్కూళ్లు కూడా అప్లై చేయొచ్చు. మా అమ్మాయి స్కూల్ వెనక ఫుట్‌బాల్ గ్రౌండ్ శనివారాలు ఖాళీగా ఉంటుంది. వచ్చే సోమవారం ప్రిన్సిపల్ గారితో అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. మాట్లాడేది తనే, మైదానం మ్యాప్ కూడా తనే గీసుకుంది. విమానం పట్టుకెళ్లొచ్చా అని అడిగింది. పట్టుకెళ్దాం అన్నాను.