మండలానికో కథానాయకుడు

వాటాల దావాలతో మన సివిల్ కోర్టులు సతమతమవుతున్నాయి. తాత వేసిన దావాలో మనవడు సాక్ష్యం చెప్పడం ఎవరికీ వింతగా తోచడం లేదు. ఇంతటి జాతీయ సమస్యకు మందు మాత్రం ఏటా సంక్రాంతికి కుటుంబ కథాచిత్రం పేరుతో మన ఊరి థియేటర్‌లోనే ఆడుతోంది. కనుక రెండు తెలుగు ప్రభుత్వాలకూ నా విన్నపం: మండలానికొక యువ కథానాయకుణ్ణి ‘ఉమ్మడి కుటుంబ పునరుద్ధరణ అధికారి’గా తక్షణం నియమించాలి.

అర్హతలు పెద్దగా అక్కర్లేదు. వయసు ముప్పై లోపు ఉండాలి, లేదా ఉన్నట్టు కనిపించాలి. ఉద్యోగం ఉండకూడదు, ఉంటే సెలవు దొరకదు. అత్తయ్య చేతిలో సంచీ అందుకోవడం, మాటల్లేని బాబాయిలిద్దరినీ ఒకే ఉయ్యాల బల్ల మీద కూర్చోబెట్టడం వచ్చి ఉండాలి. కన్నీరు ఒక కంటి నుంచే రావాలి. రెండు కళ్లూ కారితే అది సహాయ పాత్ర కిందికి వస్తుంది.

పెద్దల పోస్టులకు ప్రకటన ఇవ్వనక్కర్లేదు. 2006లో ‘బొమ్మరిల్లు’లో ప్రకాష్ రాజ్, జయసుధ అమ్మానాన్నలు. 2013లో ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’లోనూ వారే. మరుసటి ఏడాది ‘గోవిందుడు అందరివాడేలే’కి తాతా నాయనమ్మలయ్యారు. 1965లో పుట్టిన ప్రకాష్ రాజ్ నలభై తొమ్మిదేళ్లకే రామ్ చరణ్ అంతటి మనవణ్ణి సంపాదించారంటే సామాన్యమా! తెలుగునాట ఇంత నిలకడగా కాపురం చేసిన జంట మరొకటి లేదు. (ఆ తాతగారు బెంగళూరు నుంచి వచ్చినవారన్నది వేరే సంగతి.)

ఇక కార్యవిధానం. శర్వానంద్ నటించిన ‘శతమానం భవతి’లో ఆత్రేయపురం పెద్దాయన, విదేశాల్లోని పిల్లలను పండక్కి రప్పించడానికి విడాకుల మాట ఎత్తుతాడు. ఆరోగ్యకరమైన వినోదం అందించిన ఉత్తమ ప్రజాదరణ చిత్రంగా దానికి జాతీయ పురస్కారం వచ్చింది. అంటే ఈ బెదిరింపు ఆరోగ్యకరమేనని కేంద్రమే ముద్ర వేసిందన్నమాట. అది పనిచేయని ఊళ్లలో గుండెనొప్పి వాడుకోవచ్చు. విశ్రాంతికి అయిదు నిమిషాల ముందు రావాలి. 108కి ఫోన్ చేయరాదు. అధికారి స్వయంగా మోసుకుని పరుగెత్తాలి.

నిబంధనల్లో కఠినమైనది ఒక్కటే: ఆస్తి ఊసు రాకూడదు. వస్తే చిన్నల్లుడి నోటి నుంచే రావాలి, ఆయన చివర్లో కాళ్ల మీద పడాలి. ఆడపిల్లకు సమాన వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1980లలోనే చట్టం తెచ్చింది. 2005లో ఆ హక్కు దేశమంతటికీ వచ్చింది. మన సినిమా మేనత్తకు మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు. ఆమె కోరేదల్లా ఒక పట్టుచీర, పసుపు కుంకుమ, అన్నయ్య నోటి వెంట ‘అమ్మా’ అన్న పిలుపు. పిలుపుకు స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రారు సంతకం అక్కర్లేదు. ఇంత చవకగా తెగే వాటా లోకంలో ఇంకెక్కడుంది?

మండువా లోగిట్లో ముప్పై మంది అరిటాకుల ముందు కూర్చుని నవ్వుకోవడం తప్పనిసరి. వండిందెవరు, ఆకులు ఎత్తిందెవరు అన్నవి పాలనాపరమైన చిన్న విషయాలు. వాటిని కోడళ్లకు వదిలేద్దాం, ఎలాగూ వదిలేశాం.

పథకం ఫలితాలను నేను క్షేత్రస్థాయిలో పరిశీలించాను కూడా. తెర మీద అన్నదమ్ములు కౌగిలించుకుంటుంటే నా పక్క సీటు పెద్దమనిషి కండువా తడిసేలా ఏడుస్తున్నారు. ఇంతలో ఆయన ఫోను వెలిగింది. ‘తమ్ముడు’ అని పేరు. ఆయన మీట నొక్కి ఆపేసి, ఫోను జేబులో పెట్టుకుని, ఏడుపును వదిలిన చోటి నుంచి అందుకున్నారు.

కాబట్టి అధికారి పదవీకాలం రెండున్నర గంటలకు మించరాదు. ఎట్టి పరిస్థితుల్లోనూ పొడిగింపు ఇవ్వరాదు. ఇచ్చామా, నాలుగో రోజుకల్లా కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, కాలువ పక్క ఎకరం ఎవరి పాస్‌పుస్తకంలో ఉంది అన్న ప్రశ్నలు మొదలవుతాయి. వాటికి కథానాయకుడు చాలడు, కోర్టు అమీను రావాలి.