బంతికి బరువు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంటర్నెట్‌లో కదిలే బొమ్మలనూ ఆటలనూ నడిపించిన ఫ్లాష్ ప్లేయర్ కథ 2020 డిసెంబరు 31తో ముగిసింది. మరో పన్నెండు రోజులకు, 2021 జనవరి 12 నుంచి, ఫ్లాష్‌లో చేసిన బొమ్మలూ ఆటలూ అందులో కదలడం మానేశాయి. 1996లో మొదలైన ఆ సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి తరగతి గదుల్లో ఒక విద్యగా బోధించారు. ఏ మెనూలో ఏముందో, ఏ మీట నొక్కితే ఏమవుతుందో వల్లె వేయించి, పరీక్ష పెట్టి, చేతికి సర్టిఫికెట్ ఇచ్చారు. అలా నేర్చుకున్నవారిలో కొందరు పెద్దగా ఇబ్బంది పడకుండా మరో సాధనానికి మారిపోయారు. మరికొందరు మళ్లీ ఓనమాల దగ్గర మొదలుపెట్టాల్సి వచ్చింది. అందరూ నేర్చుకున్నది ఒకే సాఫ్ట్‌వేర్. మరి తేడా ఎక్కడ వచ్చింది? యానిమేషన్ పాఠాలు చెప్పే నన్ను ఈ ప్రశ్న వదలడం లేదు.

ఈలోపు వేగం ఇంకా పెరిగింది. మాట చెబితే బొమ్మ గీసే మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ 2022 జులై, ఆగస్టు నెలల్లో జనం చేతికి వచ్చాయి. అదే ఏడాది నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. విద్యాసంస్థలు వెంటనే ఏం చేస్తున్నాయి? పాఠ్యప్రణాళికలో పాత సాఫ్ట్‌వేర్ పేరు కొట్టేసి కొత్త పేరు రాస్తున్నాయి. యంత్రానికి ఆదేశాలు ఎలా రాయాలో ప్రత్యేకంగా కోర్సులు పెడుతున్నాయి. ఆ ఆదేశాల కిటుకులు కోర్సు పూర్తయ్యేలోపే పాతబడిపోతున్నాయి. ఫ్లాష్ విషయంలో చేసిన పొరపాటునే మళ్లీ, ఇంకా హడావిడిగా చేస్తున్నామని నా బాధ.

ఏది నిలుస్తుందో తెలియాలంటే ఒక చిన్న అభ్యాసాన్ని దగ్గరగా చూడాలి. యానిమేషన్‌లో మొదటి పాఠం ఎగిరే బంతి. విద్యార్థి ముందుగా బంతి దారిని వంపు గీతలా గీస్తాడు. దానిమీద సమాన దూరాల్లో బంతులు పేర్చి, ఆడించి చూస్తాడు. బంతి కదులుతుంది, కానీ ప్రాణం ఉండదు. దారానికి కట్టి లాగినట్టు ఉంటుంది. అప్పుడు నిజమైన బంతిని చేతికిచ్చి నేలమీద వేయమంటాను. పది సార్లు, ఇరవై సార్లు. కాసేపటికి కంటికి పట్టుబడుతుంది: పైకి వెళ్లినకొద్దీ బంతి నెమ్మదిస్తోంది, కొసన ఒక్క క్షణం ఆగినట్టుంది, కిందికి వచ్చేకొద్దీ వడి పెరుగుతోంది. అంటే పైన బొమ్మలు దగ్గరదగ్గరగా ఉండాలి, నేలకు చేరువలో దూరదూరంగా ఉండాలి. ఇక బరువు సంగతి. రబ్బరు బంతి నాలుగైదు సార్లు ఎగురుతుంది. ఇనుపగుండు ఒకసారి కాస్త లేచి కూలబడుతుంది. బరువు బంతి రంగులోనో నీడలోనో కనిపించదు, నేలను తాకిన తర్వాత ఏం జరిగిందన్న దాంట్లో కనిపిస్తుంది. ఇంత చిన్న విషయం కనిపెట్టినప్పుడు పిల్లల ముఖంలో వచ్చే వెలుగు కోసమే నేను ఈ పనిలో ఉన్నాను.

ఇదే కదలికను ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒక్క మీటతో చేసిపెడుతుంది. ఆ మీట ఎందుకుందో తెలిసినవాడికి అది వరం. తెలియనివాడు ఈకకూ ఇటుకకూ అదే మీట నొక్కుతాడు.

డిస్నీ స్టూడియో చిత్రకారులు 1930లలో పెన్సిలుతో గీస్తూ కనిపెట్టిన ఇలాంటి మెలకువలను, అక్కడే పనిచేసిన ఇద్దరు 1981లో పన్నెండు సూత్రాలుగా పుస్తకంలో పెట్టారు. 1987లో పిక్సార్ యానిమేటర్ జాన్ లాసెటర్ వాటిని కంప్యూటర్ త్రీడీ యానిమేషన్‌కు ఎలా అన్వయించాలో ఒక పత్రంలో వివరించారు. కాగితం పోయింది, పెన్సిలు పోయింది, సూత్రాలు మాత్రం చెక్కుచెదరలేదు. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే స్క్రాచ్ చరిత్ర మరీ ఆసక్తికరం. 2007లో జనానికి అందిన స్క్రాచ్‌ను 2013లో ఫ్లాష్ ఆధారంగా తిరగరాశారు. ఫ్లాష్ పోతోందని తెలిశాక 2019లో మళ్లీ కొత్తగా రాశారు. పునాది రెండుసార్లు మారినా, ఒక పనిని మెట్లుగా విడగొట్టడం, తప్పు ఎక్కడుందో వెతికి దిద్దుకోవడం అనే అలవాటు పిల్లల దగ్గరే ఉంది. 1967లో పిల్లల కోసం తయారైన లోగో అనే ప్రోగ్రామింగ్ భాషతో సీమోర్ పాపర్ట్, ఆయన సహచరులు నేర్పాలనుకున్నదీ అదే.

అయితే సాధనాలు అనవసరమని, ఆలోచన నేర్పితే చాలని వాదించేవారితోనూ నేను ఏకీభవించలేను. చేతిలో పనిముట్టు లేకుండా సృజన గురించి ఉపన్యాసాలు వింటే ఏమీ అంటదు. ఏదో ఒక సాధనాన్ని లోతుగా పట్టుకోవాల్సిందే. ఆ తర్వాత అదే పనిని వేరే సాధనంతో చేయించాలి. జర్మనీలోని బౌహౌస్ కళాపాఠశాల అధ్యాపకుడు జోసెఫ్ ఆల్బర్స్ విద్యార్థుల ముందు పాత వార్తాపత్రికలు పెట్టి, వృథా చేయకుండా ఏదైనా తయారుచేయమనేవారు. తర్వాతి కాలంలో రంగుల పాఠానికి ఆయన కుంచెల బదులు రంగు కాగితాలే వాడించారు. ఒకే కాగితం నుంచి కత్తిరించిన రెండు ముక్కలను రెండు వేర్వేరు నేపథ్యాల మీద పెడితే రెండు రంగుల్లా కనిపిస్తాయి. ఈ అభ్యాసాన్ని నేను తెరమీద చేయిస్తాను. రంగు సంఖ్య రెండు చోట్లా ఒకటేనని కంప్యూటర్ చూపిస్తుంది, కన్ను ఒప్పుకోదు. కాగితంతో చేసినా తెరతో చేసినా, రంగు పక్కనున్నదాన్ని బట్టి మారుతుందన్న ఎరుక జీవితాంతం ఉంటుంది.

"నిమిషంలో యంత్రం గీసిపెడుతుంటే నేనెందుకు గీయాలి?" అని విద్యార్థులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న, దాటవేయకూడదు. నేను చెప్పే జవాబు ఇది. యంత్రం నలభై బొమ్మలు ఇస్తుంది. అందులో ముప్పైతొమ్మిదింటిని ఎందుకు పక్కన పెట్టావో చెప్పగలిగితే ఆ నలభయ్యోది నీది. చెప్పలేకపోతే అది నీకు దొరికిన వస్తువు మాత్రమే. ఆ 'ఎందుకు' చెప్పే శక్తి స్వయంగా గీసి, పాడుచేసి, దిద్దుకున్న చేతికే వస్తుంది. అందుకే యంత్రాన్ని నిషేధించమని నేను అనను. వరుస మార్చమంటాను: మొదట చేత్తో, తర్వాత యంత్రంతో, ఆపైన రెండూ పక్కపక్కన పెట్టి చర్చ.

అసలు చిక్కు మార్కుల దగ్గర ఉంది. సృజనను కొలవలేమనేది పాత మాట. ఓఈసీడీ అనే దేశాల కూటమి వివిధ దేశాల విద్యార్థులకు పెట్టే పీసా పరీక్షల్లో, 2022లో పదిహేనేళ్ల పిల్లల సృజనాత్మక ఆలోచననూ పరీక్షించారు. ఒకదానికొకటి పోలికలేని ఆలోచనలు చేయడం, కొత్తదనం చూపడం, ఇచ్చిన ఆలోచనను మెరుగుపరచడం అందులో అంశాలు. 60 పాయింట్లకు సింగపూర్ విద్యార్థుల సగటు 41, ఓఈసీడీ దేశాల సగటు 33. ఆ కొలత మీద అభ్యంతరాలు ఉండవచ్చు, కానీ మెరుగుపరచడాన్ని కూడా ఒక నైపుణ్యంగా లెక్కించడం నాకు నచ్చింది. మన తరగతుల్లో ఆ లెక్క లేదు. మార్కులన్నీ చివరి ప్రతికే. చివరి ప్రతి ఒక్కటే అడిగితే పిల్లలు దాన్ని ఎక్కడి నుంచైనా తెచ్చి ఇస్తారు, వాళ్లను తప్పుపట్టి లాభం లేదు.

రెండేళ్లుగా నేను సగం మార్కులు చిత్తుప్రతులకు ఇస్తున్నాను. ప్రతి చిత్తు పక్కన ఏం మార్చారో, ఎందుకు మార్చారో ఒక్క వాక్యం రాయాలి. దిద్దడానికి మూడింతల సమయం పడుతోంది, అందుకే ఏడాదికి పన్నెండు అసైన్‌మెంట్లను అయిదుకు తగ్గించాను. మొన్న ఒక అమ్మాయి ఇచ్చిన కట్టలో బంతి పదకొండు చిత్తుల్లో ఎగిరింది. చివరి ప్రతి ఏమంత నున్నగా లేదు, ఒకచోట గీత వణికింది కూడా. తొమ్మిదో చిత్తు అంచున మాత్రం పెన్సిలుతో ఇలా ఉంది: "మూడో ఎగురు తీసేశాను. ఇప్పుడు ఇనుపగుండులా పడింది."