సవరణ: ఆస్ట్రేలియాలో ఆ లెవీ అమల్లోకి రానేలేదు

ఆస్ట్రేలియాకు ఓడల్లో వచ్చే సరుకు మీద 2019 జులై 1 నుంచి బయోసెక్యూరిటీ లెవీ (బయటి నుంచి పురుగులు, తెగుళ్లు రాకుండా చూసే పనికి వేసే రుసుము) వసూలు చేస్తున్నారని నిన్న రాశాను, అది తప్పు, క్షమించండి. 2018 బడ్జెట్‌లో ప్రతిపాదించిన మాట నిజమే: 20 అడుగుల కంటైనర్‌కు 10.02 డాలర్లు, కంటైనర్లలో కాకుండా విడిగా వచ్చే సరుకైతే టన్నుకు ఒక డాలరు. సంప్రదింపుల్లో పరిశ్రమల వాళ్లు, ముఖ్యంగా ఓడల నిండా విడి సరుకు దింపుకునేవాళ్లు, ఈ టన్ను లెక్క మీద గట్టిగా అభ్యంతరం చెప్పారు, అమలు తేదీ వాయిదా పడుతూ వచ్చింది, 2020 మేలో ప్రభుత్వం ఆ ఆలోచననే వదిలేసింది. పురుగులు, తెగుళ్లు దేశంలోకి రాకుండా కాపలా కాసే ఖర్చులో సరుకు తెచ్చేవాళ్లూ కొంత భరించాలన్న నా అభిప్రాయం మాత్రం మారలేదు. 2023లో అక్కడి రైతుల మీద వేయాలనుకున్నది వేరే లెవీ, అదీ చట్టం కాలేదు. నా పోస్టు చూసి కంటైనర్ ఖర్చులో ఆ పది డాలర్లు కలుపుకున్నవాళ్లుంటే దయచేసి తీసేయండి.