చెవిలో హోరుకు స్కానింగ్‌ను నిందించేముందు

కడుపు మీద జెల్ పూసి తీసే స్కానింగ్ వల్ల చెవిలో హోరు పుట్టదు. ఈ ముక్క ముందే తేల్చి చెప్పాలి. కర్నూలులోనైనా, కడప, అనంతపురంలోనైనా చెవి డాక్టరు గది బయట "స్కానింగ్ తీసినప్పట్నుంచి చెవుల్లో గుయ్యిమంటాంది సార్" అనే మాట వినపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ అనుమానం తెలివితక్కువదేమీ కాదు. అల్ట్రాసౌండ్ అంటే శబ్దమే, గట్టి శబ్దం చెవిని చెడగొడుతుందన్నదీ నిజమే. అయితే 20 కిలోహెర్ట్జ్ (సెకనుకు ఇరవై వేల కంపనాలు) దగ్గర మొదలై 15 మెగాహెర్ట్జ్ (కోటిన్నర కంపనాలు) పైదాకా ఉన్నదంతా అల్ట్రాసౌండ్ కిందే లెక్క. అందులో చెవి జోలికి రాగలిగేది అడుగున ఉన్న కాస్త భాగమే. ఆస్పత్రి స్కానింగ్ ఆ భాగంలో లేదు.

మనిషి చెవి 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు వింటుంది. అదీ చిన్నపిల్లల మాట. నడివయసు వచ్చేసరికి చాలామందికి 15 కిలోహెర్ట్జ్ పైన ఏమీ వినిపించదు. కడుపు స్కానింగ్ ప్రోబు (ఒంటికి ఆనించే పరికరం) దాదాపు 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, థైరాయిడ్‌కూ మెడ రక్తనాళాలకూ వాడేది 7 నుంచి 12 మధ్య. అంటే వినికిడి హద్దుకు కనీసం 175 రెట్లు పైన. ఆ తరంగం గాలిలో నాలుగు వేళ్ల దూరం పోయేసరికే చచ్చిపోతుంది. ప్రోబుకూ చర్మానికీ మధ్య సన్నని గాలిపొర మిగిలినా 99 శాతానికి పైగా వెనక్కి తిరిగిపోయి తెర మీద బొమ్మ నల్లబడుతుంది. జెల్ పూసేది అందుకే. పొట్ట దగ్గర బయల్దేరింది కొవ్వు, కండ, ఊపిరితిత్తుల్లోని గాలి, పుర్రె ఎముక ఇవన్నీ దాటి లోచెవి దాకా పోవడమన్నది జరిగే పని కాదు.

డాప్లర్ (రక్త ప్రవాహాన్ని చూసే స్కానింగ్) తీసేటప్పుడు గదిలో వినపడే "జుయ్ జుయ్" మాత్రం చెవికి తగిలే శబ్దమే. కానీ అది అల్ట్రాసౌండ్ కాదు. 2 మెగాహెర్ట్జ్ తరంగం సెకనుకు అర మీటరు వేగంతో పారే రక్తానికి తగిలి తిరిగొచ్చేసరికి దాదాపు 1,300 హెర్ట్జ్ తేడా వస్తుంది. ఆ తేడానే యంత్రం స్పీకర్లో వినిపిస్తుంది. ఇబ్బందిగా ఉంటే వాల్యూం తగ్గించమని అడగొచ్చు, స్కానింగ్‌కు ఏ లోటూ రాదు.

భుజం పట్టేసినవాళ్లకు ఫిజియోథెరపీలో ఇచ్చే అల్ట్రాసౌండ్ ఇంకాస్త బలమైనది: 1 లేదా 3 మెగాహెర్ట్జ్, చదరపు సెంటీమీటరుకు అర వాట్ నుంచి రెండు వాట్ల వరకు. అక్కడ జరిగే పొరపాటు వేరు. ప్రోబును గుండ్రంగా తిప్పుతూ ఉండకుండా ఒకేచోట నిలిపేస్తే ఎముక పైపొర వేడెక్కి చురుక్కుమని నొప్పి పుడుతుంది. చెవికి దగ్గరగా వచ్చేది దవడ కీలుకు చికిత్స చేసినప్పుడే. అక్కడ కూడా తొందరపడి తీర్పు చెప్పకూడదు. దవడ కీలు నొప్పే చెవి హోరుకు ఒక కారణం కాబట్టి, చికిత్సకు ముందే హోరు ఉందేమో అడిగి రాసిపెట్టుకోవాలి.

ఒక మెలిక ఉంది. వైద్య అల్ట్రాసౌండ్ ఏకధాటిగా పోదు, తునకలు తునకలుగా పోతుంది. తునక మొదలైనప్పుడూ ఆగినప్పుడూ కణజాలానికి చిన్న తోపు తగులుతుంది. ఆ తోపులు సెకనుకు కొన్ని వందలు, వేలు. అంటే సరిగ్గా వినికిడి పరిధిలోకే వచ్చాయి. 2018లో న్యూరాన్ పత్రికలో వచ్చిన రెండు పరిశోధనలు ఈ సంగతిని బయటపెట్టాయి. ఎలుకలు, గినీ పందుల మెదడు మీదికి అల్ట్రాసౌండ్ పంపితే మెదడు నేరుగా స్పందిస్తోందని అప్పటిదాకా అనుకున్నారు. తీరా చూస్తే ఆ స్పందనలో చాలా భాగం లోచెవి మీదుగా వస్తోంది. గినీ పందుల్లో చెవి నరాన్ని తెంపేస్తే మెదడులో ఆ స్పందన పోయింది. కాబట్టి ప్రోబును తలకే ఆనించినప్పుడు చెవికి ఏదో వినపడటం అసాధ్యం కాదు. వినపడటం వేరు, దెబ్బతినడం వేరు. పొట్ట స్కానింగ్‌కు ఈ మెలిక కూడా వర్తించదు.

అదే సెంటర్లో పక్క గదిలో ఉన్న ఎమ్మారై సంగతి వేరు. అక్కడ అల్ట్రాసౌండే లేదు, కానీ యంత్రంలోని తీగచుట్టలు (కాయిల్స్) దడదడలాడుతూ 100 డెసిబెల్స్ దాటే చప్పుడు చేస్తాయి. ఇయర్ ప్లగ్ సరిగా పెట్టుకోకుండా అరగంట పడుకుంటే బయటికొచ్చాక చెవులు గింగురుమనడంలో వింతేమీ లేదు. ఫోమ్ ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా నులిమి, రెండో చేత్తో తల వెనకనుంచి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా 20, 30 సెకన్లు వేలితో ఆపి పట్టాలి. సగం బయటికి కనిపిస్తోందంటే అది ఉన్నా లేనట్టే. దానిపైన హెడ్‌ఫోన్ కూడా పెట్టమని అడగాలి. కిడ్నీ రాళ్లు పగలగొట్టే షాక్‌వేవ్ యంత్రమూ అంతే, రెండు మూడు వేల దెబ్బలు టక్ టక్‌మని కొడుతుంది. ఇంటికెళ్లాక ఇవన్నీ "స్కానింగ్" ఖాతాలోకే పోతాయి.

ఇక నిజంగా ఆలోచించాల్సిన చోటికి వద్దాం. అది ఆస్పత్రిలో కంటే ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో ఎక్కువ కనిపిస్తుంది.

నగలు కడిగే అల్ట్రాసోనిక్ తొట్టె సాధారణంగా 40 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంది. అడుగున అతికించిన ట్రాన్స్‌డ్యూసర్లు (కరెంటును కంపనంగా మార్చే బిళ్లలు) నీటిని వణికిస్తే సన్నని బుడగలు పుట్టి చిట్లుతాయి, మురికిని వదిలించేది ఆ చిట్లడమే. 40 కిలోహెర్ట్జ్ మనకు వినపడదు. మరి తొట్టె పెట్టగానే వచ్చే ఆ బుసబుస ఎక్కడిది? బుడగలు చిట్లేటప్పుడు అసలు ఫ్రీక్వెన్సీలో సగం దగ్గరా, అంటే 20 కిలోహెర్ట్జ్ దగ్గరా, ఇంకా కిందా చెదురుమదురు శబ్దం పుడుతుంది. చెవిని ఇబ్బంది పెట్టేది ఇదే. 1967లోనే ఆక్టన్, కార్సన్ అనే పరిశోధకులు ఇంగ్లండ్‌లో ఇలాంటి యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లను పరిశీలించి, తలనొప్పి, అలసట, చెవిలో హోరు లాంటి బాధలకు కారణం అల్ట్రాసౌండ్ కాదనీ, దాంతోపాటు వచ్చే వినపడే కీచు శబ్దమేననీ తేల్చారు. శాశ్వత వినికిడి నష్టం మాత్రం వాళ్లకు కనపడలేదు.

1984లో అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం పెట్టిన పరిమితులు కూడా ఈ తేడాను పాటించాయి. పనిచేసేవాళ్లకు 20 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దానికి 75 డెసిబెల్స్, అదే 25 దాటితే 110. మామూలు జనానికి 70, 100. ఈ అంకెల వెనక ఉన్న ఆధారం పల్చనిదని, కొద్దిమంది వయోజన మగ కార్మికుల మీద చేసిన పరీక్షలతో పిల్లలకూ కొలత పెట్టారని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన టిమొతీ లైటన్ 2016లో గట్టిగా వాదించారు. ఆ వాదనలో పస ఉంది. కానీ లైటన్ బృందమే 2018లో, ఎప్పుడు శబ్దం ఉందో ఎప్పుడు లేదో మనుషులకు తెలియకుండా పరీక్షించినప్పుడు, వినపడని అల్ట్రాసౌండ్ వల్ల బాధలు వస్తాయనడానికి గట్టి రుజువు దొరకలేదు. వినపడే కీచు శబ్దం మాత్రం చికాకు పెట్టింది. నా లెక్కలో ఇప్పటికి తీర్పు ఇక్కడే ఆగాలి: వినపడనిదాని మీద అనుమానం మిగిలే ఉంది, వినపడేదాని మీద జాగ్రత్త మాత్రం ఈరోజే కావాలి.

అంగడిలో ఆ జాగ్రత్తకు పెద్ద ఖర్చేమీ లేదు. తొట్టెకు మూత వేయాలి, అంతే సగం పని అయిపోతుంది; ఇంత పైస్థాయి శబ్దాన్ని అట్టపెట్టె కూడా బాగానే అడ్డుకుంటుంది. గాజు కౌంటర్ మీద నేరుగా పెడితే కౌంటరే కంపించి శబ్దం పెరుగుతుంది కాబట్టి కింద మందపాటి రబ్బరు పట్ట వేయాలి. నగను బుట్టలో వేలాడదీయాలి. అడుగున పడేస్తే గలగలలాడటమే కాక తొట్టె అడుగూ అరిగిపోతుంది. నీరు గీత కన్నా తగ్గితే ట్రాన్స్‌డ్యూసర్ వేడెక్కుతుంది. కొత్త నీటిలో కరిగిన గాలి పోవడానికి అయిదు, పది నిమిషాలు ఖాళీగా నడపాలి, లేకపోతే శబ్దమే తప్ప శుభ్రం కాదు. సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలంటే అల్యూమినియం రేకును నిలువుగా ఒక నిమిషం ముంచితే చాలు, అంతటా సమంగా చిల్లులు పడాలి. ఒక మూలే చిల్లులుపడి మిగతాది నున్నగా ఉంటే ట్రాన్స్‌డ్యూసర్ ఒకటి పోయినట్టు. అది తెలియక జనం టైమర్‌ను మూడింతలు పెంచుతారు, చెవికి తగిలేదీ మూడింతలవుతుంది. (ముత్యం, పగడం, పచ్చ మాత్రం ఆ తొట్టెలో వేయకండి, చెవి సంగతి తర్వాత, రాయి పోతుంది.) క్యాషియర్ కుర్చీ పక్కన కాకుండా వెనక గదిలో పెట్టడం అన్నిటికన్నా మేలు: దూరం రెట్టింపైతే దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గోడ అడ్డొస్తే ఇంకా ఎక్కువ.

ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి "60యే చూపిస్తోంది, ఏం కాదు" అనుకోవడం తప్పు. ఆ యాప్‌లు ఎ వెయిటింగ్‌తో (మన చెవికి వినపడే తీరుకు సరిదిద్దే లెక్కతో) కొలుస్తాయి, అది 20 కిలోహెర్ట్జ్ దగ్గర 9 డెసిబెల్స్ దాకా కోసేస్తుంది. పైగా ఫోన్ మైకు ఆ ఎత్తులో నమ్మదగ్గది కాదు. స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో గీతలుగా) చూపించే యాప్ కొంత నయం, 20 దగ్గర గీత లేస్తోందా లేదా అన్నది తెలుస్తుంది. 40 దగ్గర ఉన్నది ఏ ఫోన్‌కూ కనపడదు.

పళ్ల డాక్టరు గార తీయడానికి వాడే స్కేలర్‌ది మరో రకం. 25 నుంచి 40 కిలోహెర్ట్జ్ మధ్య కంపించే కొస నేరుగా పంటికి తగులుతుంది. పన్ను ఎముకలో ఉంది, లోచెవీ ఎముకలోనే ఉంది. ఎముక గుండా వెళ్తే 20 కిలోహెర్ట్జ్ దాటినది కూడా సన్నని కీచు శబ్దంలా వినపడుతుందని, బాగా చెవుడు ఉన్నవాళ్లలో కొందరికీ వినపడుతుందని లెన్‌హార్ట్ బృందం 1991లో సైన్స్ పత్రికలో చూపించింది. కాబట్టి అప్పటికే హోరు ఉన్నవాళ్లు స్కేలింగ్ తర్వాత ఒకటి రెండు రోజులు ఎక్కువగా ఉందంటే కొట్టిపారేయలేం. ముందే చెబితే డాక్టరు పవర్ తగ్గించి, మధ్యమధ్యలో ఆపుతూ చేస్తారు. పై దవడ వెనక పళ్లకు చేతి పరికరం వాడమని అడగొచ్చు. ఇయర్ ప్లగ్ పెట్టుకుంటే సక్షన్ చప్పుడూ డ్రిల్లు కీచుమోతా తగ్గుతాయి, ఎముక గుండా పోయేదాన్ని మాత్రం అది ఆపదు.

దోమలు, ఎలుకలు పారిపోతాయంటూ అమ్మే ప్లగ్ యంత్రాలను ఇంట్లోంచి తీసేయండి. దోమల విషయంలో 10 క్షేత్ర ప్రయోగాలను కలిపి చూసిన 2007 నాటి కోక్రేన్ (వైద్య పరిశోధనలను జల్లెడపట్టే అంతర్జాతీయ సంస్థ) సమీక్షకు ఏ ప్రయోజనమూ కనపడలేదు. వాటిలో చవకరకాలు 20 కిలోహెర్ట్జ్ దిగువన కూడా గీపెడతాయి. పెద్దలకు వినపడదు, పడుకున్న పిల్లలకు వినపడుతుంది.

అల్ట్రాసౌండ్‌తో హోరు నయమవుతుందా అన్నది దీనికి రెండో వైపు. 1986లో బ్రిటన్‌లో చిన్న ప్రయోగం ఒకటి 500 కిలోహెర్ట్జ్ తక్కువ శక్తి యంత్రంతో కొంతమందికి గుణం కనిపించిందని చెప్పింది. 1987లో మళ్లీ చేసి చూస్తే ఆ గుణం నిలవలేదు. అక్కడితో ఆ కథ ముగిసినట్టే అయినా, చెవి వెనక పెట్టుకునే యంత్రాల ప్రకటనలు ఇంకా వస్తూనే ఉన్నాయి. వేలు పోసి కొనకండి. వినికిడి తగ్గినవాళ్లకు హియరింగ్ ఎయిడ్, రాత్రిపూట ఫ్యాన్ లాంటి నేపథ్య శబ్దం, బెంగ ఎక్కువైనవాళ్లకు ప్రవర్తన చికిత్స — నిలబడిన ఆధారం ఉన్నవి ఇవే.

స్కానింగ్ దోషి కాకపోతే దోషి ఎవరు? కొన్నిసార్లు స్కానింగ్ తీయించుకునేలా చేసిన జబ్బుకు వాడిన మందే. జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, సిస్‌ప్లాటిన్, పెద్ద మోతాదు ఆస్పిరిన్ చెవిని తాకుతాయి. తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు రాయి కోసే బ్లేడు పక్కన పనిచేసేవాళ్లకైతే వేరే కారణం వెతకనక్కర్లేదు. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషికి అరిచి చెప్పాల్సి వస్తోందంటే 85 డెసిబెల్స్ దాటినట్టే. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో ఎనిమిది గంటలకు పరిమితి 90.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు నాలుగు సంగతులు చీటీలో రాసుకోండి: ఒక చెవిలోనా రెండింటిలోనా, నాడితో పాటు కొట్టుకుంటోందా, ఏ మందులు వాడారు, వినికిడి తగ్గిందా. నాడితో పాటు కొట్టుకునే హోరుకు మెడ రక్తనాళాల డాప్లర్ తీయించాల్సి రావచ్చు, దానికి భయపడొద్దు. ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) మామూలుగా 8 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది కాబట్టి రిపోర్టు నార్మల్ అని వచ్చినా హోరు అబద్ధమని కాదు. 16 కిలోహెర్ట్జ్ దాకా చూసే పరీక్షకు వేరే హెడ్‌ఫోన్ ఉన్న చోటికి పంపమని అడగాలి. తెల్లారి లేచేసరికి ఒక చెవి మూసుకుపోయినట్టయి హోరు మొదలైతే మాత్రం చుక్కల మందుతో వారం గడపకుండా ఆ రోజే ఈఎన్‌టీకి వెళ్లాలి. కర్నూలు జనరల్ ఆస్పత్రి, కడప రిమ్స్, అనంతపురం ప్రభుత్వాస్పత్రి, ఏది దగ్గరైతే అది. హఠాత్తుగా వచ్చే చెవుడుకు స్టెరాయిడ్ మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం ఉంటుంది.